జోడు తుపాకి కొనేముందు

కోనసీమలోనూ, అటు భీమవరం, నరసాపురం వైపూ మండువా ఇళ్ళున్న పాత ఊళ్ళలో ఇనప్పెట్టె, పందిరి మంచం, గంటలు కొట్టే గోడ గడియారంతో పాటు కొన్ని ఇళ్ళలో ఇంకో వస్తువు కూడా ఉండేది. రోజూ కనబడేది కాదు. దసరాకి ఆయుధపూజ రోజున గుడ్డ సంచిలోంచి బయటికొచ్చి, పసుపూ కుంకుమా పెట్టించుకుని, మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోయేది. అదే రెండు గొట్టాల తుపాకి. మా వైపు జోడు తుపాకి అనేవారు, కాస్త చదువుకున్నవాళ్ళు డబుల్ బ్యారెల్ అనేవారు. గొట్టాలు రెండూ పక్కపక్కన ఉంటాయి. వాటి వెనకాల, మేకపిల్లకి అప్పుడే మొలిచిన కొమ్ముల్లా, రెండు సుత్తులు పైకి లేచి ఉంటాయి. బొటనవేలితో ఆ సుత్తుల్ని వెనక్కి లాగి, కింద మీట నొక్కితే పేలుతుంది. ముందున్న మీట కుడి గొట్టానికి, వెనకున్నది ఎడమ గొట్టానికి.

ఇళ్ళు పంచుకున్నప్పుడు ఇత్తడి గంగాళాల దగ్గర వచ్చే తగువు తుపాకి దగ్గర రాదు. గంగాళం కావాలని అందరూ అడుగుతారు. తుపాకి మాత్రం ఎవరికీ వద్దు, అలాగని అమ్మడానికీ మనసొప్పదు. ఆ ఇంటి పెద్దాయన పోయాక అది ఆడవాళ్ళ నెత్తిమీద పడుతుంది. మా పిన్నికి అలాగే పడింది. దాన్ని కొనడానికి ముందుకొచ్చింది మా ఆడపడుచు భర్త. ఇటు పుట్టింటి వైపు మనిషి, అటు అత్తింటి వైపు మనిషి, మధ్యలో నేను. ఆ బేరం సంగతి చెప్పాలంటే అసలు ఈ తుపాకులు మన డెల్టాలోకి ఎలా వచ్చాయో ముందు చెప్పాలి. ఎందుకంటే అలాంటి తుపాకి కొనడమంటే దాని చరిత్ర చదవడమే. ఆ చరిత్ర చాలావరకు దాని ఒంటి మీదే చెక్కి ఉంటుంది.

మొదట పేరు సంగతి. అందరూ పన్నెండు బోరు అంటారు గానీ ఆ పన్నెండు ఏమిటో చాలామందికి తెలియదు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం లోపలి వెడల్పు అంత. మన లెక్కలో సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. అందుకే పదహారు బోరంటే పన్నెండు కంటే సన్నం. అంకె పెరిగితే గొట్టం చిక్కుతుంది, మన చీరల నూలు కౌంటులాగే.

అంతకు ముందు తుపాకులన్నీ మూతి వైపు నుంచి మందు కూరేవే. వెనక నుంచి విరిచి తూటా పెట్టే పద్ధతిని ఫ్రాన్సులో లెఫోషూ అనే ఆయన 1830లలో దారిలో పెట్టాడు. 1851 లండను మహాప్రదర్శనలో ఇంగ్లీషు తుపాకి పనివాళ్ళు అలాంటివి చూసి, ఆ తర్వాత తమ పద్ధతిలో మెరుగు పెట్టుకున్నారు. 1860లలో ఇప్పుడు మనం చూసే రకం, అడుగున మధ్యలో టోపీ ఉండే తూటా స్థిరపడింది. 1875లో బర్మింగ్‌హాంలో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు సుత్తుల్ని లోపల దాచేసిన తుపాకి తయారు చేశారు. దాంతో బయట సుత్తులున్న తుపాకి పాతబడిపోవాలి కదా? పోలేదు. ఇంకా యాభై అరవై ఏళ్ళు అవి తయారవుతూనే ఉన్నాయి. ధర తక్కువ ఒక కారణం. రెండోది, సుత్తులు లేచి ఉన్నాయో పడి ఉన్నాయో చీకట్లో కూడా చేత్తో తడిమి తెలుసుకోవచ్చు. మారుమూల ఊళ్ళో ఏదైనా విరిగితే ఇనప పనివాడు బాగు చేసుకోగలిగిందీ ఇదే. మన దేశానికి ఇవి ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నుంచీ, బెల్జియంలోని లియెజ్ నుంచీ పెద్ద ఎత్తున వచ్చాయి.

అయితే తుపాకి మీద చెక్కి ఉండే పేరు తరచుగా తయారుచేసిన వాడిది కాదు, అమ్మిన వాడిది. మద్రాసు మౌంట్ రోడ్డులో పి. ఓర్ అండ్ సన్స్ అంటే మనవాళ్ళకి గడియారాలు గుర్తొస్తాయి. తుపాకులూ అమ్మారు వాళ్ళు. కలకత్తాలో మాంటన్, రోడ్డా కంపెనీలు ఉండేవి. ఈ రోడ్డా పేరు వేరే రకంగా కూడా చరిత్రకెక్కింది. 1914 ఆగస్టులో ఆ కంపెనీకి వచ్చిన సరుకులోంచి 50 మౌజరు పిస్తోళ్ళూ, 46,000 తూటాలూ బెంగాలు విప్లవకారులు తరలించుకుపోయారు. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన తెరిచాక మద్రాసు, కలకత్తా రెండూ మనకి ఒకే రైలు దారి మీదికొచ్చాయి. అందుకే మా వైపు తుపాకుల మీద ఆ రెండు ఊళ్ళ పేర్లూ కనబడతాయి.

సరుకు వచ్చినా కొనడానికి డబ్బుండాలి. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కరువుకీ వరదకీ మధ్య ఊగిసలాడిన నేల వరి పండే నేలయింది. ఆ వరి డబ్బుతోనే మండువా ఇళ్ళూ లేచాయి, ఇనప్పెట్టెలూ వచ్చాయి. ఇక డబ్బుంటే చాలదు, సర్కారు నమ్మకం కూడా ఉండాలి. లిట్టన్ వైస్రాయిగా ఉండగా 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. దాని ప్రకారం భారతీయుడు తుపాకి పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి. యూరోపియన్లకి మాత్రం అక్కర్లేదు. ఒకే ఊళ్ళో దొరకి ఒక న్యాయం, మనకి ఒక న్యాయం. 1887లో మద్రాసు కాంగ్రెసు సభలో ఈ చట్టం ఎత్తెయ్యాలని గట్టిగా మాట్లాడినాయన బిపిన్ చంద్రపాల్. ఇరవయ్యేళ్ళ తర్వాత, 1907 ఏప్రిల్లో రాజమండ్రి వచ్చి వందేమాతరం ఉపన్యాసాలతో ఊరిని ఊపేసింది కూడా ఆయనే. జాతి పేరున ఉన్న ఈ తేడా చాలావరకు పోవడానికి మొదటి ప్రపంచ యుద్ధం అయ్యేదాకా ఆగాల్సొచ్చింది. ఒక చిన్న విశేషం ఏమిటంటే, అప్పుడు కొడగు వాళ్ళకిచ్చిన మినహాయింపు ఈనాటికీ నడుస్తోంది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది.

గోదావరి జిల్లాలో తుపాకి అనగానే మనకి అల్లూరి సీతారామరాజు గుర్తుకొస్తాడు. కానీ ఆయన తుపాకులు వేరు, ఈ తుపాకులు వేరు. చట్టం వచ్చిన మరుసటేడు, 1879లోనే, రంప కొండల్లో కల్లు మీద వేసిన చిగురుపన్నుకీ, ముఠాదారుల బాధలకీ తట్టుకోలేక జనం తిరగబడ్డారు. అదే మొదటి రంప పితూరీల్లో పెద్దది. తర్వాత 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు మూడు పోలీసు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు తీసుకెళ్ళారని చరిత్రలు రాశాయి. ఏం తీసుకెళ్ళిందీ స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడాయన. అవన్నీ పోలీసువి. కొండవాడి దగ్గర ఉన్నది విల్లంబు, మహా అయితే నాటు తుపాకి. కింద డెల్టాలో, కాలవ గట్టున, మేడ మీద వాలుకుర్చీ పక్కన నిలబెట్టిన జోడు తుపాకి ఎవరిదంటే, కలెక్టరు నమ్మిన వాడిది. ఇది చేదుగా అనిపించినా నిజం. మన పెద్దవాళ్ళ ఫోటోల్లో కుర్చీ పక్కన తుపాకి కనబడితే వీరత్వం అనుకుంటాం. నాకైతే అది ఎక్కువగా సర్కారిచ్చిన యోగ్యతాపత్రంలా కనబడుతుంది.

దాంతో వాళ్ళు చేసిందేమిటంటే, ఎక్కువగా పిట్టల వేట. కొల్లేటి పరజలు, పొలాల్లో కొంగలు. మెట్ట వైపు, ఏజెన్సీ అంచున అడవిపందులు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక ఆ ముచ్చట ముగిసింది. కొల్లేరయితే 1999లో అభయారణ్యమే అయింది. జమీందారీలు 1948 చట్టంతో పోయాయి, తర్వాత వేట పోయింది. తుపాకి మాత్రం లైసెన్సు పుస్తకంలో ముద్రలు వేయించుకుంటూ మిగిలిపోయింది. ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్లో అప్పజెప్పడం, అయ్యాక రసీదు చూపించి తెచ్చుకోవడం. మా బాబాయి చేతిలో ఆ తుపాకి ఎక్కువసార్లు ప్రయాణం చేసింది ఆ దారిలోనే.

బాబాయి పోయాక పిన్ని దాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు. ఇది చాలామంది ఆడవాళ్ళకి తెలియని విషయం, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. లైసెన్సు మనిషి పేరున ఉంటుంది, ఇంటి పేరున కాదు. ఆ మనిషి పోతే ఇప్పుడున్న 1959 చట్టం ప్రకారం ఆలస్యం చెయ్యకుండా దగ్గర్లో ఉన్న పోలీసు స్టేషన్లో గానీ, లైసెన్సున్న తుపాకుల దుకాణంలో గానీ దాన్ని అప్పజెప్పాలి. అలా అప్పజెప్పినంత మాత్రాన అది సర్కారుది అయిపోదు. వారసులు తమ పేరున లైసెన్సుకి పెట్టుకోవచ్చు, లేదా లైసెన్సున్న వాళ్ళకి అమ్ముకోవచ్చు. బతికున్నప్పుడే ఇవ్వాలనుకుంటే దానికీ దారుంది. లైసెన్సుదారుకి డెబ్భై ఏళ్ళు నిండినా, ఆ తుపాకి తన దగ్గర పాతికేళ్ళు ఉన్నా, ఏది ముందయితే అప్పుడు, వారసుల్లో ఒకరి పేరు చెప్పి వాళ్ళకి లైసెన్సు ఇవ్వమని అడగొచ్చని 2016 నిబంధనలు చెప్తున్నాయి. ఈ పని పెద్దవాళ్ళు ఓపిక ఉండగా చేసి పెడితే తర్వాత ఆడవాళ్ళు స్టేషన్ల చుట్టూ తిరగనక్కర్లేదు.

పిన్ని పదకొండో రోజు లోపే మా తమ్ముణ్ణి తోడిచ్చి పంపించి రాజమండ్రిలో ఒక దుకాణంలో అప్పజెప్పించింది. రసీదు తీసుకుంది. నెలనెలా కొంత భద్రపరిచే రుసుము. తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగం, వాడికి దీని మీద ధ్యాస లేదు. ఇక అన్నయ్యగారు. మా ఆడపడుచు భర్తని నేను అన్నయ్యగారనే పిలుస్తాను. గోకవరం దాటాక వాళ్ళకి కొంత మెట్ట పొలం ఉంది. పందులు దుంపలు తవ్వేస్తున్నాయని పంటకాపలాకి లైసెన్సు తెచ్చుకున్నారు. పందిని కాల్చాలంటే అడవిశాఖ అనుమతి మళ్ళీ వేరే. ఈయనకి కావలసింది రాత్రిపూట చప్పుడు, కాస్త ధైర్యం. చేతిలో లైసెన్సుంది, తుపాకి లేదు. పిన్ని దగ్గర తుపాకి ఉంది, లైసెన్సు లేదు. రెండు ఇళ్ళూ మాకు కావలసినవే. మాట ఒక్క పూటలో కుదిరిపోయింది.

నాకు బెంగ పట్టుకుంది అక్కడే. మనవాళ్ళ మధ్య బేరమంటే వస్తువు చూడరు. చూస్తే నమ్మనట్టు. ఆవుని కొనేటప్పుడు పళ్ళు చూస్తాం, సంబంధానికి మూడు తరాలు చూస్తాం. పెద్దలిచ్చిన తుపాకిని మాత్రం కళ్ళకద్దుకుని తీసుకోవాలిట. అన్నయ్యగారు అడగలేరు, పిన్ని చెప్పలేదు, ఎందుకంటే ఆవిడకీ తెలియదు. మొహమాటానికి మొహం దగ్గర పేలే వస్తువుని కొనకూడదని నేనే అన్నాను. చదివిందీ, దుకాణంలో పాతికేళ్ళుగా ఆ పని చేస్తున్న పెద్దాయన్ని అడిగి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ పెడుతున్నాను.

చేతిలోకి తీసుకోగానే చెయ్యాల్సిన పని, ఖాళీగా ఉందో లేదో విరిచి చూడడం. మూడేళ్ళుగా ఎవరూ ముట్టలేదంటే మూడేళ్ళుగా తూటా అందులోనే ఉండొచ్చు. ఆ పెద్దాయన తన బల్ల మీది తుపాకిని, పొద్దున్నే తానే చూసినదాన్ని కూడా, నా ముందు మళ్ళీ విరిచి చూశాడు.

తర్వాత గొట్టాలు విడదీసి, కింద కొక్కెం దగ్గర ఒక వేలికి వేలాడదీసి, వేలి కణుపుతో కొట్టి వినాలి. సంతలో కుండ కొనేటప్పుడు మోగించి చూస్తామే, అలాగే. గంటలా మోగితే మంచిది. బొంగురుగా, పగిలిన కుండలా పలికితే రెండు గొట్టాల్నీ కలిపే పట్టీ అతుకు ఎక్కడో ఊడిందన్నమాట. ఆ పట్టీ కింద తేమ చేరితే బయటికి కనబడకుండా తుప్పు తింటూ ఉంటుంది. మన ఊళ్ళ గాలి సంగతి తెలిసిందే కదా, వర్షాకాలం ఇనప పెనం రెండు రోజులు వదిలేస్తే ఎర్రబడుతుంది. తోలు పెట్టెలోనో, గుడ్డ సంచిలోనో ఏళ్ళ తరబడి ఉంచితే అవి తేమ పీల్చి గొట్టానికి అప్పజెప్తాయి. బాబాయి చాలా శ్రద్ధగా తోలు పెట్టెలోనే ఉంచేవారు. కొబ్బరినూనె కూడా రాసేవారు. కోనసీమలో కొబ్బరినూనె దేనికి రాయం? కానీ అది కాలం గడిచేకొద్దీ దుమ్ముతో కలిసి జిడ్డుగట్టి లోపలి పనిముట్లకి అంటుకుపోతుంది.

గొట్టం లోపలికి వెలుతురుకేసి పెట్టి చూస్తే లోపల వెలుగు వలయాలు వలయాలుగా కనబడతాయి. ఎక్కడైనా వలయం వంకర తిరిగితే అక్కడ సొట్ట. చుక్కలు చుక్కలుగా కనబడితే తుప్పు తిన్న గుంటలు. మూతి దగ్గర గుంటలకీ, తూటా పెట్టే చోట గుంటలకీ చాలా తేడా ఉంది. పేలుడు ఒత్తిడంతా వెనకవైపే ఎక్కువ. అక్కడ గోడ పలచనైతే తప్పించుకోవడానికి లేదు, ఎడమ చెయ్యి సరిగ్గా దానికి కాస్త ముందే ఉంటుంది.

మెరుస్తున్న గొట్టం చూసి మురిసిపోకూడదు. గుంటలు పోవడానికి లోపల అరగదీసి ఉండొచ్చు. అది పట్టుకునే దారి గొట్టాల అడుగున ఉంది. పన్నెండనో, పదమూడనో అంకె కొట్టి ఉంటుంది. పన్నెండంటే అంగుళంలో 0.729 వంతు, పదమూడంటే 0.710. పదమూడని కొట్టిన గొట్టం ఇప్పుడు కొలిస్తే పన్నెండు చూపిస్తే, ఆ తేడా అంతా ఎవరో గీకేసిన లోహమే. పన్నెండు బోరు తుపాకి మీద పదమూడేమిటని కంగారు పడకండి, తూటా చోటు పన్నెండుదే, గొట్టం కాస్త బిగువుగా చేసేవారప్పట్లో.

అడుగునే ఇంకా ముఖ్యమైన ముద్రలుంటాయి. ఇంగ్లండులో తుపాకి అమ్మాలంటే ముందు ప్రూఫ్ హౌసులో, మామూలు కంటే ఎక్కువ మందు పెట్టి పేల్చి, తట్టుకుంటేనే ముద్ర వేసేవారు. బర్మింగ్‌హాం ప్రూఫ్ హౌసు 1813లో పెట్టారు, లండనుది అంతకంటే చాలా పాతది. బర్మింగ్‌హాం పాత ముద్రలో కిరీటం, అడ్డంగా రెండు రాజదండాలు, వాటి మధ్య సందుల్లో బి, పి, సి అనే ఇంగ్లీషు అక్షరాలు. ఇది 1904కి ముందుది. ఆ తర్వాత ముద్రలు మారాయి, పొగరాని కొత్త మందుతో పరీక్షించిన వాటి మీద కిరీటం కింద ఎన్, పి అక్షరాలు వచ్చాయి. బెల్జియం తుపాకి అయితే కోడిగుడ్డు ఆకారంలో ఇ, ఎల్, జి అక్షరాలూ ఒక నక్షత్రమూ ఉంటాయి. కొత్త మందుకి పరీక్షించి ఉంటే సింహం బొమ్మా, పి, వి అనే అక్షరాలూ అదనం.

కొత్త మందు, పాత మందు తేడాయే ఈ మొత్తం వ్యవహారానికి ప్రాణం. పాత తుపాకిమందు నల్లటి పొడి. పేలితే గుప్పున తెల్లటి పొగ. ఒత్తిడి ఒక రకంగా లేచి పడిపోతుంది. ఇప్పుడు దుకాణంలో దొరికేవన్నీ పొగరాని మందు తూటాలే, పుణె దగ్గర ఖడ్కీ కర్మాగారం నుంచి వచ్చే శక్తిమాన్ తూటాలతో సహా. పాత మందుకి మాత్రమే పరీక్షించిన గొట్టంలో కొత్త మందు తూటా పెట్టడమంటే, కిరోసిన్ స్టవ్వుకి గ్యాసు బండ తగిలించడమే. అందులోనూ కొన్ని పాత గొట్టాలు అసలు గొట్టాలే కావు, జడలు. ఇనుము, ఉక్కు పట్టీల్ని మెలితిప్పి, కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో కొట్టి అతికినవి. డమాస్కస్ అంటారు. చూడ్డానికి పట్టుచీర మీద నీటి అలల నేతలా ఎంత అందంగా ఉంటాయో! ఆ అందం వెంటే వందల అతుకులున్నాయి. పైన చక్కగా ఉండి లోపల ఏ అతుకులో తుప్పు కూర్చుందో కంటికి కనబడదు. కొందరు మామూలు గొట్టం మీద అలాంటి గీతలు అద్దించి అమ్మిన వాళ్ళూ ఉన్నారు, అది వేరే మోసం.

తూటా పొడవు ఇంకో ఉచ్చు. పాతవాటికి తూటా చోటు 65 మిల్లీమీటర్లు, కొత్తవాటికి 70. డెబ్భై తూటా అరవయ్యయిదు గొట్టంలో పట్టదు కదా, పట్టకపోతే తెలిసిపోతుంది కదా అనుకుంటాం. పడుతుంది! అదే ప్రమాదం. తూటా మూతి కజ్జికాయ అంచులా మడిచి ఉంటుంది, 70 అనేది మడత విప్పుకున్నాక కొలత. పేలినప్పుడు ఆ మడత విప్పుకోవడానికి చోటు లేక గొట్టంలోకి దూరి దారి ఇరుకు చేస్తుంది. ఒత్తిడి ఎక్కడికి పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక బిగువు. ముందు చెక్క తీసేసి, గొట్టాల్ని బిగించి, పిడి దగ్గర పట్టుకుని అటూ ఇటూ ఊపితే కటకటమనకూడదు. గొట్టాల వెనక చివరకీ, దానికి ఆనే ఇనప ముఖానికీ మధ్యలోంచి వెలుతురు కనబడకూడదు. పాత తలుపు బందుల్లాగే ఇక్కడ కూడా ఇరుసు అరుగుతుంది. కొందరు అమ్మే ముందు చిన్న రేకుముక్క అతికించి తాత్కాలికంగా బిగిస్తారట, నాలుగు తూటాలు పేలిస్తే మళ్ళీ వదులు.

సుత్తుల దగ్గర ఆ పెద్దాయన ఎక్కువ సేపు ఆగాడు. సుత్తిని వెనక్కి లాగితే మొదట సగంలో ఒక చిన్న మెట్టు మీద ఆగుతుంది, తర్వాత పూర్తిగా. ఆ సగం మెట్టు మీద ఉన్నప్పుడు బొటనవేలితో గట్టిగా ముందుకి తోసినా జారకూడదు. జారిందంటే లోపలి పన్ను అరిగింది. రెండూ పూర్తిగా లాగి ఒక మీట నొక్కితే రెండోది దానంతటది పడకూడదు. ఇదంతా ఖాళీ ఇనుము మీద టపటపా కొట్టి చూడకూడదు, ఉత్తుత్తి తూటాలు ఉంటాయి, అవి పెట్టి చూడాలి. మరీ పాత రకంలో సుత్తి పడ్డాక టోపీని గుచ్చే పుల్ల మీదే ఆనుకుని ఉండిపోతుంది. తూటా ఉండగా అలాంటిది కిందపడితే పేలొచ్చు. 1860ల చివర్లో వచ్చిన ఏర్పాటులో సుత్తి కొట్టి తనంతట తానే సగం మెట్టుకి వెనక్కి వస్తుంది. ఏ రకమో తెలుసుకోకుండా తీసుకోకూడదు.

చెక్క సంగతి క్లుప్తంగా. పిడి సన్నబడే చోట, లోపలి యంత్రం చుట్టూ, వెంట్రుకలాంటి పగులు ఉందేమో గోటితో చూడాలి. ఇత్తడి తీగ చుట్టి ఉంటే దాని కింద పగులు ఉన్నట్టే.

బాబాయి తుపాకి మీద మద్రాసు దుకాణం పేరుంది. అడుగున రాజదండాల ముద్ర, అంటే 1904కి ముందుది. కొత్త మందు ముద్ర ఎక్కడా లేదు. తూటా చోటు 65. కుడి గొట్టంలో తూటా చోటు దాటగానే గుంటలు. ఎడమ సుత్తి సగం మెట్టు బాగుంది, కుడిది బొటనవేలికి జారింది. మోగిస్తే మాత్రం గంటే! ఆ పెద్దాయన ముఖంలో ఆ ఒక్క క్షణం చూసిన సంతోషం నాకింకా గుర్తుంది. తర్వాత దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, ఇది చూసుకోవడానికమ్మా, కాల్చుకోవడానికి కాదు అన్నాడు.

అన్నయ్యగారు ఏమీ అనలేదు. ఆయన నాకేసి చూశారు, పిన్నికి నువ్వే చెప్పు అన్నట్టు. చెప్పాను. పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. ఆయన దాన్ని పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకున్నారే అంది. నిజమే, చూసుకున్నారు. చిన్నప్పుడు మేం దీపావళికి ఆయన చేత ఒక్కటంటే ఒక్కటి పేల్చమని అల్లరి చేసేవాళ్ళం. ఆయన ఎప్పుడూ పేల్చలేదు. పిసినారితనం అనుకునేవాళ్ళం. ఆయనకేమన్నా తెలిసుండేదేమో అని పిన్ని ఇప్పుడంటుంది.

ఇలా వద్దనుకోబట్టి కాగితాల దాకా వెళ్ళలేదు గానీ, వెళ్ళే వాళ్ళ కోసం ఒక మాట. ఒకరి సొంత తుపాకి ఇంకొకరికి అమ్మాలంటే కొనేవాడికి లైసెన్సుండాలి, అమ్మేవాడు కలెక్టరుకి గానీ స్టేషనుకి గానీ రాతపూర్వకంగా తెలియజెయ్యాలి, తెలియజేశాక 45 రోజులు ఆగాలి. చేతిలో డబ్బు పెట్టి సంచీలో వేసుకెళ్ళే వస్తువు కాదిది. 2019 సవరణ తర్వాత ఒక మనిషి పేరున రెండు తుపాకులకి మించి ఉండకూడదు, అంతకు ముందు మూడు. వారసత్వంగా వచ్చిందైనా ఆ రెండిట్లోనే లెక్క. జిల్లాలు విడిపోయాక ఏ ఊరు ఏ కలెక్టరు కిందికొచ్చిందో కూడా చూసుకోవాలి. 2022 ఏప్రిల్లో అమలాపురం కేంద్రంగా కోనసీమ వేరే జిల్లా అయింది, రాజమండ్రి తూర్పు గోదావరికి కేంద్రమయింది, కాకినాడ తనే ఒక జిల్లా.

ధర గురించి అడుగుతారు. 1980ల నడుమ నుంచి బయటి దేశాల తుపాకులు మామూలు మనిషి తెప్పించుకోవడానికి దారి మూసుకుపోయింది కాబట్టి, ఇంగ్లీషు పేరున్న పాతదానికి మన దేశంలో దాని యోగ్యతకి మించిన రేటు పలుకుతుంది. పేరుకి ఇచ్చే డబ్బు వేరు, గొట్టానికి ఇచ్చే డబ్బు వేరు. ఆ రెండూ కలిపేసి మాట్లాడే అమ్మకందారు దగ్గర ఆగి ఆలోచించాలి. అన్నయ్యగారు చివరికి మన ఆర్డినెన్సు ఫ్యాక్టరీ తుపాకి, సుత్తులు లోపల ఉండేది, ఒకరు వాడినదే తీసుకున్నారు. అందం లేదు. కొత్త తూటా నిర్భయంగా పెట్టుకోవచ్చు.

ఇక మా పాతదాన్ని ఏం చెయ్యాలి? వందేళ్ళు దాటిన వస్తువు కదా, లైసెన్సు అక్కర్లేదు, హాల్లో గోడకి తగిలిద్దాం అన్నాడు తమ్ముడు ఫోనులో. కుదరదు. పురాతనమైనవాటికి చట్టంలో మినహాయింపు ఉంది గానీ, అది బాగు చేసినా చెయ్యకపోయినా ఇక తుపాకిగా పనిచెయ్యలేని వాటికి. మనది ప్రమాదకరంగానైనా పేలుతుంది. కాబట్టి తుపాకే. గొట్టాలు పనికిరాకుండా చేయించి ఇంట్లో పెట్టుకుందామా అంటే పిన్ని ఒప్పుకోలేదు. ఆ మాట విని, ఆయన్ని మళ్ళీ తగలబెట్టినట్టు ఉంటుందే అంది. నేను వాదించలేదు.

చివరికి తమ్ముడే వారసుడిగా లైసెన్సుకి పెట్టాడు. మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, పిన్ని అభ్యంతరం లేదని రాసిచ్చిన కాగితం, బాబాయి పాత లైసెన్సు పుస్తకం. ఆ పుస్తకం చూడండి, ఒక్కో రెన్యూవలుకి ఒక్కో కలెక్టరు సంతకం, పాత పేజీల మీద కాకినాడ ముద్రలు. ఫైలు నడుస్తోంది. తుపాకి దుకాణం బీరువాలో ఉంది, కొబ్బరినూనె కడిగేసి సరైన నూనె రాశారు. తోలు పెట్టె మాత్రం ఇంటికి వచ్చేసింది. పిన్ని దాన్ని రెండు రోజులు ఎండలో పెట్టి, తుడిచి, బాబాయి కళ్ళజోళ్ళూ, పాత పంచాంగాలూ, ఈ దుకాణం వాళ్ళు నెలనెలా ఇచ్చే రసీదులూ అందులో పెట్టుకుంటోంది.